పరుగులు మారితే ఆగండి, పని మారితే కదలండి



మార్చి నెలాఖరు వస్తే ఐపీఎల్ వస్తుంది. డుంబ్రిగుడలో, అరకులో, పాడేరులో ఎక్కడ నలుగురు చేరినా అదే మాట. ఈ ఏడాది ఎవరు కొడతారు? ఎవరు తేలిపోతారు? ఈ మాటల్నే ఒక పద్ధతిలో పెడితే చక్కని ఆట అవుతుంది. కాగితం మీద, పెన్సిలుతో ఆడే ఆట. మీరే ఒక జట్టు కట్టాలి. మీ జట్టులోని వాళ్ళు నిజమైన మైదానంలో ఎంత బాగా ఆడితే మీకు అన్ని పాయింట్లు. ఫాంటసీ ఆట అంటారు దీన్ని. దీనికి ముందుగా ఎలా సిద్ధం కావాలి, సీజన్ మొదలయ్యాక తొలి వారాల్లో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని మార్చాలి అన్నది ఈరోజు మాట్లాడుకుందాం.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇందులో డబ్బు వద్దు. ఒక్క రూపాయి కూడా వద్దు.

తెలంగాణలో 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డ్రీమ్11 లాంటి పెద్ద సంస్థ కూడా డబ్బు పోటీలు ఆపేసింది. కాబట్టి ఎవరైనా ఫోన్‌కి లింక్ పంపి, వంద కట్టు వెయ్యి వస్తుంది అంటే నమ్మకండి. అది మోసమైనా అయి ఉంటుంది, నేరమైనా అయి ఉంటుంది. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు అది. దాచిపెట్టుకుని లోపల లోపల కుమిలిపోవద్దు. కాఫీ గింజలు అమ్మిన డబ్బు, పిల్లల ఫీజు కోసం ఉంచిన డబ్బు ఇలాంటి ఆటల్లో పోయిన ఇళ్ళ బాధ చాలా పెద్దది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

డబ్బు తీసేస్తే ఆటలో మజా పోతుందని కొందరు అంటారు. పోదు. ఉండేదంతా మజాయే. ఎవరి కన్ను మంచిదో, ఎవరి ఓపిక గట్టిదో తేలుతుంది.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. క్రికెట్ మీద కాదు, బేస్‌బాల్ మీద. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే పత్రికా రచయిత, ఆయన మిత్రులు కొందరు కలిసి మొదలుపెట్టారు. వాళ్ళు కూడబలుక్కున్న హోటలు పేరు లా రోటిస్సేరీ ఫ్రాన్సేజ్. అందుకని ఆ ఆటకి రోటిస్సేరీ లీగ్ అనే పేరు నిలిచింది. ఒక్కో జట్టుకి 260 డాలర్ల హద్దు. ఆ హద్దు దాటకుండా వేలంలో 23 మంది ఆటగాళ్ళని తీసుకోవాలి. ఇంటర్నెట్ లేని రోజులవి. పత్రికల్లో వచ్చే అంకెల్ని చేత్తో కూడుకునేవారు. మనం ఇప్పుడు డుంబ్రిగుడలో ఆడబోయేదీ అదే తీరు ఆట. సిగ్నల్ అందకపోయినా ఆగిపోని ఆట.

ఎలా ఆడాలో చెబుతాను. ఎనిమిది మంది చేరండి. తలా ఒక జట్టు. జట్టుకి 11 మంది. మొత్తం 88 మంది ఆటగాళ్ళు వేలంలో వెళ్ళిపోతారు. ఐపీఎల్‌లో 10 జట్లున్నాయి. మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దిగే ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపి జట్టుకి 12 మంది చొప్పున చూసుకున్నా 120 మంది మైదానంలోకి దిగుతారు. అంటే మీ వేలం అయిపోయాక కూడా ఇంకా ముప్ఫై మందికి పైగా ఎవరూ తీసుకోనివాళ్ళు మిగిలి ఉంటారు. ఈ ముప్ఫై మందిని గుర్తుంచుకోండి. వాళ్ళతో తర్వాత పనుంది.

వేలానికి డబ్బు బదులు రాజ్మా గింజలు వాడండి. మన ఇళ్ళలో ఉండేవే. తలా వంద గింజలు. పరుగుకి ఒక పాయింటు. వికెట్‌కి 20 పాయింట్లు. క్యాచ్‌కి 10. ఇంతే. ఇంతకన్నా చిక్కు లెక్కలు వద్దు. వారానికోసారి సంత రోజున కూర్చుని కూడుకుంటే చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ముక్క. పరుగులు మారితే ఆగండి. పని మారితే కదలండి.

పని అంటే ఏమిటి? ఆటగాడికి జట్టు అప్పజెప్పిన పని. బ్యాటరైతే ఎన్నో స్థానంలో దిగుతాడు? ఎన్ని బంతులు అతనికి దొరుకుతాయి? బౌలరైతే ఎన్ని ఓవర్లు వేస్తాడు? ఏ ఓవర్లు వేస్తాడు? ఇది పని. ఒక ఇన్నింగ్స్‌లో ఉండేవి 120 బంతులే. ఓపెనర్‌కి మొదటి బంతి నుంచే అవకాశం. ఏడో స్థానంలో దిగేవాడికి ఒక్కోసారి ఎనిమిది బంతులు, ఒక్కోసారి మూడు, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఎంత గొప్పవాడైనా ఆడని బంతికి పరుగు రాదు.

పరుగులు, వికెట్లు వేరు. అవి ఆ రోజు జరిగినవి. ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు. మంచి బంతి పడొచ్చు. మంచి క్యాచ్ పట్టెయ్యొచ్చు. నాలుగు మ్యాచ్‌ల పరుగులు చూసి ఆటగాణ్ణి తేల్చలేం. కానీ పని మాత్రం నాలుగు మ్యాచ్‌ల్లోనే తెలిసిపోతుంది. తేడా అక్కడుంది.

మన కాఫీ తోటలో సంగతే తీసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో పూత వాన పడాలి. అది ఆలస్యమైతే, లేదా పూత మీద గట్టివాన కొడితే, ఆ ఏడు కాయ తగ్గుతుంది. నిరుడు విరగకాసిన మొక్క ఈ ఏడు కాస్త నీరసంగా కాయడమూ ఉంది. అప్పుడు మొక్కని పీకేస్తామా? పీకం. కొమ్మ కత్తిరించి, ఎరువేసి, నీడ సరిచేసి ఊరుకుంటాం. వచ్చే ఏడు కాస్తుందని తెలుసు. అదే కాండం తొలిచే పురుగు పట్టిందనుకోండి. ఆకులు పసుపెక్కుతాయి. మొక్క వాడుతుంది. కాండం మీద బెరడు గట్లు గట్లుగా లేస్తుంది. లోపల పురుగు దారులు తొలిచేసింది. ఆ మొక్క మీద ఇంకా కొన్ని కాయలు కనబడుతూనే ఉండొచ్చు. అయినా ఆశపడకూడదు. పీకి కాల్చెయ్యాలి. ఆలస్యం చేస్తే పురుగు పక్క మొక్కలకీ వెళుతుంది. తోటలో అనుభవమున్నవాళ్ళు కాయ చూసి తొందరపడరు. కాండం చూసి తేల్చుకుంటారు.

ఆటలో పరుగులు కాయలు. పని కాండం.

ఇప్పుడు నిజంగా జరిగినవి చూద్దాం.

2024 ఐపీఎల్. రాజస్థాన్ ఓపెనర్ యశస్వి జైస్వాల్. మొదటి 7 మ్యాచ్‌ల్లో ఒక్క అర్ధశతకం లేదు. ఎక్కువలో ఎక్కువ 39. అతని మీద పెద్ద ధర పెట్టినవాళ్ళ మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. కానీ అతని పని మారిందా? లేదు. రోజూ ఓపెనర్‌గానే దింపారు. ఏప్రిల్ 22న జైపూర్‌లో ముంబయి మీద ఆడిన ఎనిమిదో మ్యాచ్‌లో 104 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. సీజన్ ముగిసేసరికి 435 పరుగులు. ఏడో మ్యాచ్ తర్వాత అతన్ని వదిలేసినవాడు ఆ సెంచరీని వేరేవాడి కాగితం మీద చూసుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు ఇంకోవైపు. 2025లో హైదరాబాద్ సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106. జట్టు స్కోరు 286. ఉప్పల్ ఊగిపోయింది. ఆ రాత్రి వేలం పెట్టుకుని ఉంటే కిషన్‌కి యాభై గింజలైనా పోసేవాళ్ళు ఉంటారు. తర్వాతి మ్యాచ్‌లో అతను మొదటి బంతికే అవుటయ్యాడు. ఆ తర్వాత ఏప్రిల్ 23 దాకా ఒక్క ఇన్నింగ్స్‌లోనూ 20 దాటలేదు. సీజన్ మొత్తానికి 354 పరుగులు. చెడ్డ అంకె కాదు, మంచిదే. కానీ ఆ మొదటి మ్యాచ్ చూసి కట్టిన ధరకి తగ్గ అంకె కాదు. చూడండి, సెంచరీ రోజున అతనిది ఏ స్థానమో, తర్వాతా దాదాపు అదే స్థానం. పని మారలేదు. అలాంటప్పుడు ధర మాత్రం ఎందుకు మారాలి?

కిషన్ సెంచరీ కొట్టిన మరునాడే మన విశాఖలో ఇంకో మ్యాచ్. 2025 మార్చి 24. ఢిల్లీ, లక్నో. ఢిల్లీ 210 కొట్టాలి. 65కే సగం వికెట్లు పడ్డాయి. ఆశుతోష్ శర్మ దిగి 31 బంతుల్లో 66 కొట్టాడు. ఒక్క వికెట్ తేడాతో ఢిల్లీ గెలిచింది. చూసినవాళ్ళెవరూ మరిచిపోలేని ఆట. మరునాడు అతన్ని తెచ్చుకోవాలని ఎవరికి అనిపించదు? కానీ ఆగి ఆలోచించండి. అతని పని ఏమిటి? ఏడో స్థానం. ఆ రోజు పైవాళ్ళు కుప్పకూలారు కాబట్టి అతనికి 31 బంతులు దొరికాయి. రోజూ కూలరు కదా. ఆ సీజన్ అంతా కలిపి ఆశుతోష్ చేసినవి 204 పరుగులు. అతని తప్పేం లేదు. అతని పని అంతే.

బేస్‌బాల్‌లోనూ ఇలాంటి కథ ఉంది. 1994 ఏప్రిల్ 4. షికాగో కబ్స్ జట్టుకి సీజన్ మొదటి రోజు. టఫీ రోడ్స్ అనే ఆటగాడు వరసగా మూడుసార్లు బ్యాటు పట్టి మూడుసార్లూ హోమ్ రన్ కొట్టాడు. బంతి స్టాండ్స్‌లో పడితే వచ్చేది హోమ్ రన్. ఆ ఏడాది ఆటగాళ్ళ సమ్మెతో ఆగస్టులోనే సీజన్ ఆగిపోయింది. అప్పటిదాకా అతను కొట్టిన హోమ్ రన్లు మొత్తం 8. మొదటిరోజే మూడు, మిగతా నెలలన్నీ కలిపి అయిదు. తర్వాత జపాన్ వెళ్ళి అక్కడి లీగ్‌లో 464 కొట్టి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ప్రతిభ లేనివాడు కాదు. కానీ ఒక్క మధ్యాహ్నం చూసి సంవత్సరాన్ని కొలవడం కుదరదని ఆ ఆట ఆడేవాళ్ళు ఇప్పటికీ అతని పేరు చెబుతారు. బేస్‌బాల్‌లో జట్టుకి 162 మ్యాచ్‌లు. ఐపీఎల్ లీగ్ దశలో జట్టుకి 14. మనకి సమయం తక్కువ కాబట్టి తొందర ఇంకా ఎక్కువ పుడుతుంది. అందుకే జాగ్రత్తా ఎక్కువ కావాలి.

ఇవన్నీ ఆగాల్సినవి. కదలాల్సినవి ఎలా ఉంటాయి?

2025లోనే రాజస్థాన్ కెప్టెన్ సంజు శాంసన్‌కి పక్కటెముకల దగ్గర గాయమైంది. ఓపెనర్ చోటు ఖాళీ అయింది. ఏప్రిల్ 19న ఆ చోట్లోకి 14 ఏళ్ళ వైభవ్ సూర్యవంశీని దింపారు. అంతకుముందు మ్యాచ్‌లన్నిట్లో అతను బెంచీ మీదే ఉన్నాడు. అంటే మనం అనుకున్న ఆ ముప్ఫై మందిలోకి కూడా రానివాడు. ఆడిన మొదటి బంతికే సిక్స్ కొట్టి, 34 పరుగులు చేశాడు. చాలామంది ఆ సిక్స్ గురించే మాట్లాడుకున్నారు. ఈ ఆట ఆడేవాడు చూడాల్సింది సిక్స్ కాదు. శాంసన్ తిరిగొచ్చేదాకా ఈ అబ్బాయే ఓపెనర్ అన్న సంగతి. ఏప్రిల్ 28న గుజరాత్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ తొమ్మిది రోజుల్లో కదిలినవాడికి దక్కేవాడు. సెంచరీ తర్వాత ఎనిమిది మందీ పోటీకొస్తారు.

ఇక మన విశాఖ అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి. 2024లో సన్‌రైజర్స్‌లో 20 లక్షల ఆటగాడు. ఏప్రిల్ 9న పంజాబ్ మీద నాలుగో స్థానంలో దించారు. 37 బంతుల్లో 64. బౌలింగూ ఇచ్చారు. వికెట్ తీశాడు. నాలుగో స్థానం, పైగా చేతిలో బంతి. అంటే పని రెండువైపులా పెరిగింది. ఆ సీజన్‌లో 303 పరుగులు చేసి, వర్ధమాన ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. తర్వాత సన్‌రైజర్స్ 6 కోట్లకి ఉంచుకుంది. మరి 2025లో? గాయం నుంచి కోలుకుంటూ వచ్చాడు. బౌలింగ్ దాదాపు లేదు. పరుగులు 182 దగ్గర ఆగాయి. ఆల్‌రౌండర్ అని వేలంలో ఎక్కువ గింజలు పోసి కొన్నవాడు, బంతి ఇవ్వడం లేదని రెండు మూడు మ్యాచ్‌ల్లోనే గమనించి ఉండాలి. మనవాడు కదా అన్న ప్రేమ నాకూ ఉంది. ప్రేమ ఉంచుకోండి. లెక్క మాత్రం విడిగా వేయండి.

2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చింది. ఒక బ్యాటర్‌ని తీసి బౌలర్‌ని, లేదా బౌలర్‌ని తీసి బ్యాటర్‌ని దింపుకోవచ్చు. దీంతో ఆల్‌రౌండర్ చేత నాలుగు ఓవర్లు వేయించాల్సిన అవసరం జట్లకి తగ్గింది. పేరు పక్కన ఆల్‌రౌండర్ అని రాసి ఉన్నా, నిజంగా బంతి పట్టుకుంటున్నాడో లేదో చూసుకోండి.

గాయపడ్డవాళ్ళ సంగతి ఇంకో రకం. 2025లో ముంబయి బౌలర్ జస్‌ప్రీత్ బుమ్రా మొదటి మ్యాచ్‌లకి లేడు. ఏప్రిల్ 7న తిరిగొచ్చాడు. 12 మ్యాచ్‌ల్లో 18 వికెట్లు తీశాడు. రెండు వారాలు ఖాళీ చోటుతో ఓపిక పట్టినవాళ్ళకి మన లెక్కలో వికెట్ల మీదే 360 పాయింట్లు. ఎందుకని ఓపిక పట్టాలి? తిరిగొచ్చిన రోజున అతని నాలుగు ఓవర్లు అతనికే ఇస్తారని అందరికీ తెలుసు కాబట్టి. ఇదే ఒక కొత్త బౌలర్ గాయపడితే, అతను వచ్చేసరికి ఆ ఓవర్లు ఇంకొకడివి అయిపోయి ఉండొచ్చు. అలాంటివాడి కోసం చోటు ఖాళీగా ఉంచకండి.

జట్టు ఓడిపోతోందని ఆటగాణ్ణి వదలడమూ సరికాదు. 2022లో ముంబయి మొదటి 8 మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయింది. ఆ జట్టులోనే మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మకి అది మొదటి సీజన్. 397 పరుగులు చేశాడు. జట్టు ఓడినా అతని చోటు అతనికుంది. మీ కాగితానికి గెలుపోటములతో పని లేదు.

సరే. మళ్ళీ చెబుతున్నాను. పరుగులు మారితే ఆగండి. పని మారితే కదలండి. ఇప్పుడు దీన్నే వేలం రోజుకి ఎలా వాడుకోవాలో చూద్దాం.

వేలానికి ముందు ఒక సాయంత్రం కూర్చోండి. ఆటగాళ్ళని పేరుని బట్టి కాదు, పనిని బట్టి గుంపులు చేసుకోండి. ఓపెనర్లంతా ఒక చోట. చివరి నాలుగు ఓవర్లలో బౌలింగ్ చేసేవాళ్ళు ఒక చోట. అక్కడ బ్యాటర్లు కొట్టి తీరాలి కాబట్టి వికెట్లు ఎక్కువ పడతాయి. రెండు పనులూ నిజంగా చేసేవాళ్ళు ఒక చోట. ఒక గుంపులో ఎనిమిది మంది దాదాపు ఒకే స్థాయివాళ్ళు ఉన్నారనుకోండి. మొదటివాడి కోసం కొట్టుకోవద్దు. ధర పెరిగితే వదిలేయండి. ఇంకా ఏడుగురున్నారు. ఆ గుంపులో ఆఖరి ఇద్దరు మిగిలినప్పుడు, మీ జట్టులో ఆ పని చేసేవాడు ఇంకా లేడనుకోండి, అప్పుడు గింజలు పోయండి. అందరూ పెద్ద పేర్లకి ముందే ఖర్చుపెట్టేస్తారు. ఆఖరి ఇద్దరు మీకు చవగ్గానే వస్తారు.

గింజల లెక్క కూడా ముందే తెలియాలి. వంద గింజలు, 11 మంది. మనిషికి సగటున తొమ్మిది. ఒక్కరి మీదే నలభై పోస్తే మిగిలిన పదిమందికి అరవై. మనిషికి ఆరు. అది మంచిదా కాదా అన్నది మీ ఇష్టం. కానీ తెలిసి చేయండి. ఇంకోటి. ప్రతి ఖాళీ చోటుకీ కనీసం ఒక్క గింజ మిగుల్చుకోవాలి. లేకపోతే జట్టు నిండదు.

పెద్ద ధర పెద్ద అంకెలు తెస్తుందన్న హామీ లేదు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి కొంది. అంతకు ముందు ఎవరికీ అంత ధర రాలేదు. ఆ సీజన్‌లో పంత్ చేసినవి 269 పరుగులు. అందులో 118 ఆఖరి లీగ్ మ్యాచ్‌లోనివే. ఏడాది పొడవునా ఆట చూడ్డమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళే అలా కట్టారు ధర. మన రాజ్మా గింజలదేముంది? కాబట్టి ఒక్కడి మీద అంతా పోయకండి.

జట్టులో ఏ పనికి ఎంతమంది ఉండాలో కూడా నియమం పెట్టుకోండి. వికెట్ కీపర్ ఒకడు, బౌలర్లు కనీసం నలుగురు, అలాగ. అంధుల క్రికెట్‌లో ఈ నియమం ఎంత చక్కగా ఉంటుందో. పూర్తిగా చూపు లేనివాళ్ళు బి1, కొద్దిగా ఉన్నవాళ్ళు బి2, బి3. జట్టులో బి1 వాళ్ళు కనీసం నలుగురు ఉండి తీరాలి. బి1 బ్యాటర్ కొట్టిన పరుగుకి రెండు పరుగుల లెక్క. 2025 నవంబరు 23న కొలంబోలో మన అంధ మహిళల జట్టు నేపాల్ మీద గెలిచి మొట్టమొదటి టీ20 ప్రపంచ కప్ తెచ్చింది. ఆ జట్టులో మన అల్లూరి జిల్లా అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. ఆ మాట చెబుతుంటేనే గుండె నిండుతోంది. ఆ జట్టు కూర్పు ఎలా ఉంటుందో పిల్లలకి వివరించండి. ఏ ఆటలోనైనా జట్టంటే పదకొండు గొప్ప పేర్లు కాదు, పదకొండు పనులు అని వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

అమ్మాయిల క్రికెట్ మీద ఈ ఆట ఆడాలనుకుంటే మహిళల ప్రీమియర్ లీగ్, డబ్ల్యూపీఎల్ ఉంది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని చూడండి. 2025 సీజన్ కోసం ఢిల్లీ 55 లక్షలకి తీసుకుంది. ఆ సీజన్‌లో ఆడించింది 2 మ్యాచ్‌లే. అదే ఏడు వన్డే ప్రపంచ కప్‌లో దేశానికి ప్రధాన స్పిన్నర్లలో ఒకరై 14 వికెట్లు తీసింది. నవంబరులో మళ్ళీ వేలం జరిగితే ఢిల్లీయే 1.3 కోట్లు పెట్టి తెచ్చుకుంది. బెంచీ మీద కూర్చున్న అమ్మాయికి ప్రపంచ కప్‌లో పది పది ఓవర్లు ఇస్తున్నారని గమనించినవాళ్ళకి ఆ ధర ఆశ్చర్యం కలిగించదు.

ఇవన్నీ గమనించాలంటే ఎలా? రోజూ మ్యాచ్ చూడ్డం అందరికీ కుదరదు. కరెంటు పోతుంది. ఫోన్‌లో డేటా అయిపోతుంది. తెల్లారితే తోట పని. పరవాలేదు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ. మీ 11 మందికి, ఇంకా మీ కన్ను పడ్డ నలుగురైదుగురికి. మ్యాచ్ తర్వాత స్కోరు కార్డు పేపర్లో వస్తుంది. అందులో పరుగుల కన్నా ముందు రెండు విషయాలు రాయండి. బ్యాటరైతే ఎన్నో స్థానంలో దిగాడు, ఎన్ని బంతులు ఆడాడు. బౌలరైతే ఎన్ని ఓవర్లు వేశాడు. కామెంటరీ వినే వీలుంటే ఇంకోటి కూడా రాయండి. చివరి నాలుగు ఓవర్లు ఎవరి చేతికిచ్చారు? స్కోరు కార్డులో అది కనబడదు. వింటేనే తెలుస్తుంది.

నాలుగు మ్యాచ్‌లయ్యాక ఆ పేజీ చూడండి. స్థానం 1, 1, 1, 1 అని ఉందా? పరుగులు ఎన్నైనా కానివ్వండి, ఉంచండి. 3, 3, 5, 6 అని జారుతోందా? జట్టు అతని మీద నమ్మకం తగ్గించుకుంటోంది. అతని పరుగులు బాగున్నా సరే, ఎవరైనా అడిగితే మార్పిడి చేసేయండి. ఓవర్లు 4, 4, 2, 1 అని ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఒకే ఒక్కసారి స్థానం మారితే కంగారు వద్దు. ఎడమచేతి, కుడిచేతి జోడీ కోసం ఒక్కోసారి మారుస్తారు. వరసగా రెండుసార్లు మారితే అది పని మారడం.

ఆఖరుగా మార్పుల నియమం. ఇది వేలానికి ముందే అందరూ ఒప్పుకుని కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి. స్నేహాలు చెడేది ఇక్కడే. వారానికి ఒక్క మార్పు చాలు. మొదటి రెండు వారాలు అసలు మార్పే లేకుండా పెట్టుకుంటే ఇంకా మంచిదని నా అభిప్రాయం. గాయపడి సీజన్‌కే దూరమైనవాడికి మాత్రం మినహాయింపు. ఎవరూ తీసుకోని ఆ ముప్ఫై మందిలో ఒకణ్ణి ఇద్దరు కోరుకుంటే, పాయింట్లలో వెనకున్నవాడికి మొదటి అవకాశం ఇవ్వండి. అలా చేస్తే అట్టడుగున ఉన్నవాడు మే నెల దాకా ఆట వదలడు. ఇద్దరి మధ్య మార్పిడి జరిగితే మిగతా ఆరుగురికీ అదే రోజు చెప్పాలి. చాటుగా జరిగిన మార్పిడి చెల్లదు. మీ ఫోన్లలో ఐపీఎల్ షెడ్యూలు ఉంటే ముందే రాసుకోండి. వారంలో ఒక జట్టుకి రెండు మ్యాచ్‌లు, ఇంకో జట్టుకి ఒకటే ఉండే వారాలు వస్తాయి. మార్పు చేసే రోజున ముందు ఆ షెడ్యూలు కాగితం చూసి, తర్వాత నోటు పుస్తకం తెరవండి.